రక్తకణము మఱచిన పాఠము



నేను పాతబస్తీలో ముప్పదియేండ్లు తెలుగు బోధించితిని. నా తరగతిలో నొక బాలుడు మూడు వారముల కొకసారి తప్పక బడి మానెడివాడు. సోమరి యని తలంచి యొకనాడు వానిని నలుగురిలో మందలించితిని. మఱునాడు తండ్రి వచ్చి, “మాస్టరుసాబ్, అవి వానికి రక్తమెక్కించే రోజులు” అని మాత్రము చెప్పి పోయెను. వ్యాధి పేరు థలసీమియా. నాడు నాకు కలిగిన సిగ్గే నేటి యీ ప్రసంగమునకు మూలము.

వీథినాటకమున నటులందఱును గ్రంథమంతయు నెఱిగియున్నను, ఎవని పాత్రకు తగిన మాటలను వాడే పలుకును. జీవకణములును అట్టివే. పక్వమైన ఎఱ్ఱకణములవంటి కొన్ని తప్ప, తక్కిన కణములన్నిటను జన్యుగ్రంథ మంతయు నున్నది. చర్మకణము తన పుటలను, నాడీకణము తన పుటలను చదువును. మిగిలినవి మూయబడి యుండును.

మూసిన పుటను మరల తెఱవవచ్చునా? 1962లో గర్డన్ అను ఆంగ్లేయుడు కప్పపిల్ల ప్రేగుకణములోని కేంద్రకమును అండములోనికి మార్చి, దానినుండి క్రొత్త కప్పపిల్లను పొందెను. 2006లో జపాను పండితుడు యమనాకా నాలుగు జన్యువులచే ఎలుక చర్మకణమును పిండకణమువంటి స్థితికి మరలించెను. మఱుసటి యేట మనుష్యకణములందును అది సిద్ధించెను. 2012లో వారిరువురికిని నోబెల్ బహుమానము లభించెను. కణము యొక్క జాతి మార్పరానిది కాదని తేలినది.

ఇక మన బాలుని మాట. ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిను ముఖ్యముగా రెండు విధములు. గర్భస్థశిశువు ఒక విధమైన దానిని చేసికొనును. పుట్టిన కొన్ని మాసములకు ఆ పుట మూతపడి, పెద్దలకు తగిన పుట తెఱచుకొనును. బీటా థలసీమియాలో దోషమున్నది ఈ రెండవ పుటలోనే. మొదటిది లోపల చెక్కుచెదరక యున్నది! దానిని మూయించు కావలివాడు బీసీఎల్11ఏ అను జన్యువు. వైద్యులు రోగి మూలకణములను వెలికితీసి, క్రిస్పర్ అను సూక్ష్మమైన కత్తెరతో రక్తకణములందు ఆ కావలివానిని మేల్కొలుపు సంకేతమును త్రెంచి, మరల దేహమున ప్రవేశపెట్టుదురు. అంతట రక్తము శైశవపు పాఠమును మరల వల్లించును. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను ప్రథమముగా అనుమతి నొసగెను.

కాని మూలకణములను మరల నెక్కించుటకు ముందు తీవ్రౌషధములచే మజ్జను ఖాళీచేయవలెను. అది కఠినమైన పరీక్ష. అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లు. పాతబస్తీలోని యే తండ్రి యీయగలడు?

అందాక పాతమార్గములే శరణ్యము. 1998లో ఏర్పడిన థలసీమియా, సికిల్ సెల్ సంఘము తొలుత పురానీ హవేలీ చెంతను, పిదప శివరాంపల్లిలోను ఇట్టి బిడ్డలకు రక్తము నెక్కించుచున్నది. మాటిమాటికి రక్తమెక్కించుటచే దేహమున ఇనుము పేరుకొనును. దానిని తొలగించు మందులును వలయును.

దోషమును మోయు తలిదండ్రులు ఆరోగ్యవంతులుగనే కన్పట్టుదురు. ఇరువురును అట్టివారైనచో, ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు వ్యాధిభయము కలదు. మేనరికములు విస్తారముగా నున్న మన కుటుంబములలో ఈ భయము హెచ్చు. కావున జాతకములతోపాటు హీమోగ్లోబిన్ ఎ2 పరీక్షను గూడ చేయింపుడు. ఆరోగ్యవంతులు రక్తదానము చేయుడు.

ఆ బాలుడు మానిన దినముల పాఠములను నేను సాయంకాలము మా యింటి యరుగుమీద చెప్పుచుంటిని. పాఠము తప్పినవాడు వాడు కాదు.