పేటెంటు పుట్టించింది, ఆల్ఫా బతికించింది: పీఎన్‌జీ కథ

1994 డిసెంబరు చివర్లో, క్రిస్మస్ సెలవుల నడుమ, అమెరికాలోని ఆన్‌లైన్ సేవల సంస్థ కంప్యూసర్వ్ ఒక ప్రకటన చేసింది. జిఫ్ బొమ్మలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లు ఇకపై రుసుము కట్టాలన్నది దాని సారాంశం. వెబ్‌లో మనం రోజూ చూసే పీఎన్‌జీ బొమ్మ పుట్టుకకు కారణం ఆ ప్రకటనే.

జిఫ్‌ను 1987లో కంప్యూసర్వ్‌లో స్టీవ్ విల్‌హైట్ బృందం తయారుచేసింది. అప్పటి మోడెమ్‌లు నత్తనడక నడిచేవి కాబట్టి బొమ్మను కుదించక తప్పదు. అందుకు ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి వాడారు. టెర్రీ వెల్చ్ రూపొందించిన ఆ పద్ధతికి 1985లోనే అమెరికాలో పేటెంటు వచ్చింది, తర్వాత అది యూనిసిస్ కంపెనీ చేతికి చేరింది. ఏడేళ్లుగా ఊరుమ్మడి సొత్తు అనుకుని వాడుకున్నదానికి ఒక్కసారిగా యజమాని బయటపడ్డాడు.

ప్రోగ్రామర్లు మండిపడ్డారు. వారం తిరిగేసరికి ఆ కోపం పనిలోకి దిగింది. 1995 జనవరి 4న థామస్ బూటెల్ కొత్త ఫార్మాట్‌కు తొలి ముసాయిదా రాసి అందరి ముందూ పెట్టాడు. వేర్వేరు చోట్ల ఉన్న నిపుణులు ఇంటర్నెట్‌లోనే వాదించుకుంటూ దాన్ని చెక్కారు. కుదింపుకు పేటెంటు చిక్కులేని డిఫ్లేట్ పద్ధతిని ఎంచుకున్నారు. 1996 అక్టోబరు 1న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం పీఎన్‌జీని ప్రమాణంగా సిఫారసు చేసింది.

రుసుము తప్పించుకోవడమే ధ్యేయమైతే జిఫ్‌కు నకలు చేస్తే సరిపోయేది. వాళ్లు అక్కడితో ఆగకుండా జిఫ్‌లో ఎప్పటినుంచో ఉన్న లోపాన్ని పట్టుకున్నారు. ఆ లోపం అంచుల్లో ఉంది.

బొమ్మ ఫైలు ఎప్పుడూ దీర్ఘచతురస్రమే. అందులో గుండ్రటి లోగో పెడితే మూలల్లో మిగిలిన భాగం కనబడకూడదు. 1989 నాటి జిఫ్ దీనికి ఒక వీలు కల్పించింది. ఉండగలిగిన 256 రంగుల్లో ఒకదాన్ని కనబడనిదిగా గుర్తు పెట్టుకోవచ్చు. దాంతో ప్రతి పిక్సెల్ పూర్తిగా కనబడాలి, లేదా పూర్తిగా మాయమవ్వాలి. వంపు గీత మాత్రం పిక్సెల్‌ను సగంలోనో పావులోనో కోస్తుంది. ఆ పిక్సెల్‌కు ఏ రంగు ఇవ్వాలి? తెల్ల పేజీ ఉంటుందనుకుని కాస్త తెలుపు కలిపితే, నల్ల పేజీ మీద లోగో చుట్టూ తెల్లని మరకలు తేలతాయి. కలపకపోతే అంచు మెట్లుమెట్లుగా విరుగుతుంది. తలకట్లు, సున్నాలు, సుడులు నిండిన తెలుగు అక్షరాల లోగోకు ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి మందు కంప్యూటర్ చిత్రకళలో అప్పటికే ఉంది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ కలిసి ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల పక్కన నాలుగో అంకెను చేర్చారు. దాని పేరు ఆల్ఫా. ఆ పిక్సెల్ తన వెనకాల ఉన్నదాన్ని ఎంతమేరకు కప్పుతుందో అది చెబుతుంది. బొమ్మ మీద బొమ్మ పేర్చే లెక్కలను 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పరిశోధన పత్రంలో క్రమంగా పేర్చి చూపారు.

పీఎన్‌జీ ఈ నాలుగో అంకెకు చోటిచ్చింది. ఆల్ఫా 0 అయితే పిక్సెల్ లేనట్టే. 255 అయితే వెనకాల ఏమీ కనబడదు. నల్ల లోగో అంచున ఒక పిక్సెల్‌కు ఆల్ఫా 128 ఉందనుకోండి. వెలుగు విలువ 200 ఉన్న పేజీ మీద అది దాదాపు 100గా, 60 ఉన్న పేజీ మీద దాదాపు 30గా కనబడుతుంది. ఏ పేజీ మీద వాలుతుందో బొమ్మకు ముందుగా తెలియనక్కర్లేదు. కలిపే పని బ్రౌజర్ చూసుకుంటుంది.

కుదింపులోనూ ఒక తెలివి ఉంది. పిక్సెల్ విలువకు బదులు పక్కదానితోనో పైదానితోనో ఉన్న తేడాను రాసుకోవచ్చు. 100, 101, 102, 103 అనే వరుస 100, 1, 1, 1గా మారుతుంది. ఒకే అంకె పదేపదే వస్తే డిఫ్లేట్ పని సులువవుతుంది. విప్పినప్పుడు ఒక్క పిక్సెల్ కూడా మారదు.

ఇంత చేసినా కష్టకాలం తప్పలేదు. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కు ఆల్ఫా సరిగా అర్థమయ్యేది కాదు. పారదర్శకంగా ఉండాల్సిన చోట బూడిద రంగు చూపించేది. 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా డిజైనర్లు అడ్డదారి ఉపాయాలతో నెట్టుకొచ్చారు. ఈలోగా, 2003 జూన్‌లో, అమెరికాలో ఎల్‌జెడ్‌డబ్ల్యూ పేటెంటు గడువు తీరిపోయింది. పీఎన్‌జీని పుట్టించిన గొడవ అలా సమసినా, నునుపైన అంచు కోరుకునేవాళ్లు జిఫ్‌కు తిరిగి వెళ్లలేదు. 2025 జూన్‌లో కన్సార్టియం పీఎన్‌జీ మూడో కూర్పును వెలువరించి, కదిలే బొమ్మలకూ అందులో చోటిచ్చింది.

ఇప్పుడు దానికి తోడుగా మరికొన్ని ఫార్మాట్లు ఉన్నాయి. లోగో, గుర్తు వంటి గీతల పనికి ఎస్‌వీజీ మేలు. అది ఆకారాల లెక్కను దాచుకుంటుంది కనుక ఎంత పెంచినా అంచు చెదరదు. స్క్రీన్‌షాట్లకు, పిక్సెల్ చెక్కుచెదరకూడని బొమ్మలకు పీఎన్‌జీ సరైనది. నేపథ్యం తీసేసిన ఫొటో పీఎన్‌జీలో చాలా బరువెక్కుతుంది. దానికి వెబ్‌పీ గానీ ఏవీఐఎఫ్ గానీ వాడాలి, రెండింటిలోనూ ఆల్ఫా ఉంది. మామూలు జేపెగ్‌లో ఆల్ఫాకు చోటే లేదు కాబట్టి ఈ పనికి దాని జోలికి వెళ్లొద్దు.

ఏది ఎంచుకున్నా, పేజీలోకి ఎక్కించే ముందు తెలుపు మీద ఒకసారి, నలుపు మీద ఒకసారి పెట్టి అంచులు చూడండి. నల్ల తెర పెట్టుకుని చదివేవాళ్లకు కూడా మీ లోగో అంతే శుభ్రంగా కనబడాలి.