రాత్రి పాళీ, ఒంటి దురద

"రాత్రయితే చాలు, ఒళ్లంతా ఒకటే గోకుడు. రక్తం చెడిపోయినట్టుంది." మన ఇళ్లలో ఎక్కడైనా వినిపించే మాటే ఇది. సూరత్‌ లింబాయత్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతికే పద్మశాలీల మధ్య దీని గురించి కాస్త ఆగి ఆలోచించాలి. అక్కడి మరమగ్గాల్లో పాళీ అంటే పన్నెండు గంటలు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు, సాంచా మాత్రం ఆగదు.

రక్తం చెడటం వల్ల వచ్చే దురద కాదిది. మంటను, వాపును అణచిపెట్టే కార్టిసాల్ అనే హార్మోను మన ఒంట్లో తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. రాత్రి చర్మం వెచ్చబడుతుంది, దానిలోని తేమ ఎక్కువగా ఆవిరైపోతుంది. ఈ మూడూ కలిస్తే పగలు ఓర్చుకోగలిగిన దురదే రాత్రి నిద్రపోనివ్వదు. మెదడులో సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఒంటికంతటికీ వేళ చెబుతుంది. చర్మ కణాలకూ, రోగనిరోధక కణాలకూ సొంత గడియారాలున్నాయి. పండుఈగల్లో ఈ గడియారపు జన్యువుల గుట్టు విప్పినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

అయితే ప్రతి రాత్రి దురదనూ గడియారం మీదకు నెట్టకండి. గదిలో ఉన్నవాళ్లందరూ గోక్కుంటుంటే, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులుంటే అది గజ్జి కావచ్చు. పగటి పాళీవాళ్లు లేచిన చాప మీదే రాత్రి పాళీవాళ్లు వచ్చి పడుకునే గదుల్లో ఆ పురుగు తేలిగ్గా పాకుతుంది. ఒక్కడు మందు రాసుకుంటే పోదు. అందరూ ఒకేసారి రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.

"పదేళ్లయింది, రాత్రి పాళీ ఒంటికి అలవాటైపోయింది" అన్నది ఇంకో అపోహ. అలవాటయ్యేది మనసుకు. పాళీ దిగి ఇంటికి నడిచే దారిలో కంట్లో పడే పొద్దుటి ఎండ, ఇది పగలేనని మెదడుకు మళ్లీ చెబుతుంది. పైగా పాళీ మారుతూ ఉంటే గడియారం ఒక వేళకు సర్దుకునేలోపే ఇంకోటి ముందుకొస్తుంది. తిండి వేళ కూడా లెక్కలోకి వస్తుంది. ఎలుకలకు పగలు మాత్రమే మేత పెట్టి చూస్తే వాటి చర్మపు గడియారం వేళ మారిపోయింది, పగటిపూట అతినీలలోహిత కిరణాల దెబ్బ ఎక్కువైంది. 2017లో అమెరికాలో తేల్చిన సంగతి ఇది. ఎలుక రాత్రి తిరిగే జీవి, దాని లెక్క మనకు అచ్చంగా సరిపోదు. కాబట్టి అర్ధరాత్రి తింటే చర్మరోగం తప్పదని ఎవరైనా అంటే నమ్మకండి.

గాయం ఎప్పుడైనా ఒకేలా మానుతుందనుకుంటాం. బ్రిటన్‌లో 118 మంది కాలిన గాయాల రికార్డులు చూస్తే, పగలు కాలినవి సగటున 17 రోజుల్లో మానితే, రాత్రి కాలినవాటికి 28 రోజులు పట్టింది. గాయం పూడ్చడానికి కదిలే కణాలు పగలు చురుగ్గా ఉండటమే కారణమని పరిశోధకుల మాట. సూరత్‌లోని పాండేసరా రంగుల మిల్లుల్లో రాత్రిపూట మరిగే నీళ్ల పక్కన నిలబడేవాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం మెడికల్ షాపు ట్యూబు. "రాస్తే రెండు రోజుల్లో పోయింది" అంటారు. చాలా ట్యూబుల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లుంటాయి. అవి ఆ చోట రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కాబట్టి దురద ఆగుతుంది, అడుగున తామర ఉంటే అది మాత్రం హాయిగా విస్తరిస్తుంది. మానేయగానే రెట్టింపై తిరిగొస్తుంది. దేశమంతటా మొండి తామర పెరగడం వెనుక ఈ ట్యూబుల పాత్ర ఉందని చర్మవైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు మీ పాళీ ఏదో, ఎప్పుడు పడుకుంటారో చెప్పండన్నా. స్టెరాయిడ్ మాత్రను పొద్దున వేసుకోమనేది ఒంట్లోని కార్టిసాల్ వేళకు తగ్గట్టు. పొద్దున్నే పడుకునేవాళ్లకు అది ఎప్పుడు వేయాలన్నది, మీరు చెబితేనే కదా ఆయన ఆలోచించగలిగేది.