విడాకుల డిక్రీ నకలు పొందడం ఎలా?
కేసు నంబరు తెలిస్తే సగం పని అయినట్లే.. పెద్దల కాగితానికి కోర్టులో నకలు ఉండదు

మచిలీపట్నం: విడాకుల కేసు తేలిన రోజున కోర్టు మెట్లు దిగి వచ్చేవారిలో అత్యధికులకు ఆ వ్యవహారం మరచిపోవాలనే తొందరే తప్ప, చేతికి రావలసిన కాగితం గురించి ఆలోచన ఉండదు. ‘వకీలు గారి దగ్గర ఉంటుందిలే’ అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఏళ్లు గడిచాక రెండో వివాహం రిజిస్ట్రేషనుకో, విదేశీ వీసాకో, ఒంటరి మహిళల పింఛనుకో, తండ్రి ఆస్తి పంపకాలకో డిక్రీ చూపమని అడుగుతారు. అప్పటికి ఆ వకీలు వృత్తి మానుకుని ఉండవచ్చు, కాలం చేసి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతి ట్రంకు పెట్టెలో చెమ్మకు పాడై ఉండవచ్చు. 2009 అక్టోబరులోను, 2019 ఆగస్టులోను, 2024 సెప్టెంబరులోను కృష్ణమ్మ పొంగి లంక గ్రామాలను ముంచెత్తిన దివిసీమలో కాగితాలు నీటిపాలు కావడం కొత్త సంగతి కాదు.

డిక్రీ పోయినంత మాత్రాన విడాకులు పోవు. తీర్పు ఇచ్చిన కోర్టులో అసలు రికార్డు ఉంటుంది. దాని ధ్రువీకృత నకలును, అనగా వాడుకలో ‘సర్టిఫైడ్ కాపీ’ని, కక్షిదారులు ఎన్నిసార్లయినా పొందవచ్చును. అధికార కార్యాలయాలు దానిని అసలుతో సమానంగా పరిగణిస్తాయి. సాధారణ జిరాక్సుకు గాని, నోటరీ ముద్ర వేసిన ప్రతికి గాని ఆ విలువ లేదు.

మొదటి ప్రతి ఉచితం

చాలామంది కక్షిదారులకు తెలియని నిబంధన ఒకటి ఉంది. హిందూ వివాహ చట్టం, 1955లోని 23వ సెక్షను నాలుగో ఉపవిభాగం ప్రకారం, విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు భార్యకు ఒకటి, భర్తకు ఒకటి చొప్పున డిక్రీ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. 1976లో చట్టాన్ని సవరించినపుడు ఈ నిబంధన చేర్చారు. ‘ఇవ్వవచ్చు’ అని కాదు, ‘ఇవ్వాలి’ అనే చట్టం చెబుతున్నది. అడగనివారికి అది ఫైలులోనే ఉండిపోతుంది. తీర్పు వెలువడిన వారం పది రోజులలో ఆ కోర్టు కార్యాలయంలో సంతకం చేసి ఈ ప్రతిని తీసుకుంటే తరువాతి తిరుగుళ్లలో సగం తప్పుతాయి.

ఇక్కడ మరొక తేడా గమనించాలి. న్యాయమూర్తి కారణాలు వివరిస్తూ రాసేది తీర్పు. దాని ఫలితాన్ని క్లుప్తంగా చెప్పేది డిక్రీ. ‘ఫలానా తేదీన జరిగిన వివాహం రద్దు చేయడమైనది’ అన్న వాక్యం ఉండేది డిక్రీలోనే. ఉచితంగా రావలసినది కూడ డిక్రీయే. విదేశీ రాయబార కార్యాలయాలు, కొన్ని బ్యాంకులు రెండింటినీ అడుగుతున్నాయి. అందువల్ల నకలుకు దరఖాస్తు పెట్టేటపుడు తీర్పు, డిక్రీ రెండూ కావాలని స్పష్టంగా రాయడం మేలు.

ఏ కోర్టుకు వెళ్లాలి?

నకలు ఇచ్చేది తీర్పు చెప్పిన కోర్టే. దరఖాస్తుదారు ఇపుడు ఏ ఊరిలో నివసిస్తున్నారన్న దానితో నిమిత్తం లేదు. వివాహం జరిగిన చోట, దంపతులు చివరిసారి కలిసి కాపురం చేసిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట కేసు వేయవచ్చునని చట్టంలోని 19వ సెక్షను చెబుతుంది. 2003 సవరణ తరువాత భార్య తాను నివసిస్తున్న చోటనే వేసుకునే వీలు కలిగింది. కనుక నాగాయలంకలో పుట్టి గుడివాడలో కాపురం చేసిన మహిళ కేసు అవనిగడ్డలోనే ఉందనుకోవడానికి లేదు. అది గుడివాడలో ఉండవచ్చు, బందరులో ఉండవచ్చు. విజయవాడలో కాపురం చేసి ఉంటే అక్కడి కుటుంబ న్యాయస్థానంలో ఉండవచ్చు. ఒక కోర్టులో వేసిన కేసు మరొక కోర్టుకు బదిలీ అయిన సందర్భాలూ ఉంటాయి. అటువంటపుడు మొదట వేసిన చోటికి కాక, చివరకు పరిష్కరించిన చోటికి వెళ్లాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది, కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. దీనివలన పాత విడాకుల రికార్డులు ఎక్కడికి పోయాయోనని కొందరు ఆందోళన చెందుతున్నారు. రెవెన్యూ జిల్లా మారిందన్న కారణంతో కలెక్టరేటు చుట్టూ తిరగడం వృథా. ఆ కార్యాలయానికి విడాకుల రికార్డుతో సంబంధం లేదు. డిక్రీపై ఏ కోర్టు పేరు ఉండి ఉంటుందో ఆ కోర్టు కార్యాలయంలోనే విచారించాలి.

తీర్పుపై అప్పీలు జరిగి ఉంటే వ్యవహారం మరొక మెట్టు ఎక్కుతుంది. సీనియరు సివిలు జడ్జి కోర్టు తీర్పుపై అప్పీలు జిల్లా కోర్టుకు, కుటుంబ న్యాయస్థానం తీర్పుపై అప్పీలు హైకోర్టుకు వెళుతుంది. అప్పీలు నడుస్తున్నపుడు కింది కోర్టు ఫైలును పైకోర్టు రప్పించుకుంటుంది. ‘మా దగ్గర ఫైలు లేదు’ అని గుమస్తా చెప్పినపుడు పోయిందని భయపడనవసరం లేదు. ఎక్కడికి పంపారని అడగాలి.

నంబరు దొరకడమే కష్టం

నకలు పొందడంలో అసలు చిక్కు దరఖాస్తులో లేదు, కేసు నంబరులో ఉంది. హిందూ వివాహ చట్టం కింద వేసిన అర్జీకి హెచ్‌.ఎం.ఓ.పి. అనీ, కుటుంబ న్యాయస్థానంలో అయితే ఎఫ్‌.సి.ఓ.పి. అనీ ముందు అక్షరాలు ఉండి, తరువాత నంబరు, సంవత్సరం ఉంటాయి. భార్యాభర్తల పేర్లు తెలిసినా ఈ నంబరు తెలియకపోతే కాపీ విభాగం చేయగలిగింది స్వల్పం. సంవత్సరం అర్జీ వేసినదే తప్ప తీర్పు వచ్చినది కాదన్నది గుర్తుంచుకోవాలి. 2011లో వేసి 2015లో తేలిన కేసును 2015 రిజిస్టరులో వెతికితే దొరకదు.

ఇటీవలి కేసులకు ఈ బాధ కొంత తగ్గింది. ఈ-కోర్టుల వెబ్‌సైటులో జిల్లా, కోర్టు ఎంచుకుని కక్షిదారు పేరు, సంవత్సరం ఇస్తే కేసు వివరాలు రావచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది చేతిలో ఉంటే వెతుకులాట ఉండదు. అయితే పేరు తెలుగు నుంచి ఆంగ్లంలోకి ఏ విధంగా రాశారో ఎవరూ చెప్పలేరు. లక్ష్మి అన్న ఒక్క పేరుకే నాలుగైదు వర్ణక్రమాలు ఉన్నాయి. ఒకదానితో రాకపోతే మరొకదానితో ప్రయత్నించాలి. వైవాహిక కేసులలో తీర్పు ప్రతి వెబ్‌సైటులో కనబడకపోవచ్చు. కనబడి అచ్చు తీసుకున్నా అది ధ్రువీకృత నకలు కాదు.

కంప్యూటర్లు రాకముందు తేలిన కేసులకు పాత పద్ధతే గతి. సమన్లు, వకీలుకు ఇచ్చిన రసీదు, మనోవర్తి కేసు కాగితాలు, చివరకు అత్తింటివారికి అందిన నోటీసు అయినా ఏదో ఒకదానిపై నంబరు ఉంటుంది. అవి కూడ లేనపుడు సుమారు సంవత్సరం చెప్పి, రిజిస్టరు వెతికించమని రుసుముతో దరఖాస్తు పెట్టుకోవచ్చును. పాత కట్టలు రికార్డు గదిలో ఉంటాయి కనుక రెండు మూడు వాయిదాలకు సిద్ధపడి వెళ్లాలి. గడువు తీరిన ఫైళ్లలోని ఇతర కాగితాలను నిబంధనల మేరకు ధ్వంసం చేస్తారు. కనుక కేసులో దాఖలు చేసిన పెళ్లి ఫొటోలు, శుభలేఖలు, బంగారం రసీదులు కావలసినవారు వాటిని వాపసు కోరడంలో ఆలస్యం చేయరాదు.

దరఖాస్తు పెట్టాక నోటీసు బోర్డు చూడాలి

కక్షిదారు స్వయంగా గాని, వకాల్తా ఇచ్చిన న్యాయవాది ద్వారా గాని కాపీ దరఖాస్తు దాఖలు చేయవచ్చును. అందులో కోర్టు పేరు, కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, తీర్పు తేదీ, కావలసిన కాగితాల వివరం రాసి, నిర్ణీత కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. కార్యాలయం దానికి సి.ఎ. నంబరు వేస్తుంది. ఫైలు వచ్చాక ఎన్ని పుటలు ఉన్నాయో లెక్కించి, అందుకు ఎన్ని కాపీ స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో ప్రకటిస్తారు. కోర్టు భాషలో దీనిని ‘స్టాంపులు పిలవడం’ అంటారు. మన పల్లెల నుంచి వచ్చేవారు తప్పటడుగు వేసేది ఈ దశలోనే. దరఖాస్తు ఇచ్చాం కదా, కబురు వస్తుందని ఇంట్లో కూర్చుంటారు. కబురు రాదు. గడువులోగా స్టాంపులు దాఖలు చేయకపోతే దరఖాస్తును కొట్టివేస్తారు. మరలా మొదటి నుంచి మొదలు పెట్టాలి. కోడూరు నుంచో, సొర్లగొంది నుంచో ప్రతిరోజూ బస్సెక్కి రాలేనివారు న్యాయవాది గుమస్తాకు ఈ పని అప్పగించడం ఉత్తమం.

నకలు చివరి పుటలో దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ వరుసగా ఉంటాయి. ఇవి అలంకారానికి కాదు. అప్పీలు గడువు లెక్కించేటపుడు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని మినహాయించాలని కాలపరిమితి చట్టం 12వ సెక్షను చెబుతుంది. ఆ మినహాయింపుకు ఆధారం ఈ తేదీలే.

ఇతరులకు ఇస్తారా?

పెళ్లి సంబంధం చూసేవారు ‘అబ్బాయికి నిజంగా విడాకులు అయ్యాయా’ అని తెలుసుకోవాలనుకోవడం సహజమే. కాని కేసులో పక్షం కానివారు నకలు కావాలంటే కారణం వివరిస్తూ ప్రమాణపత్రంతో అర్జీ పెట్టి, న్యాయమూర్తి అనుమతి పొందవలసి ఉంటుంది. సమాచార హక్కు చట్టం ద్వారా పొందవచ్చునన్న ఆశ వద్దు. కోర్టు రికార్డుల నకళ్లు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో తేల్చిచెప్పింది. వివాహ చట్టం 22వ సెక్షను ప్రకారం ఈ కేసుల విచారణ ఆంతరంగికంగా జరుగుతుంది. వివరాలను ప్రచురించినవారికి వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది. పత్రికలవారికీ ఇది వర్తిస్తుంది. సంబంధం చూసేవారికి సులభమైన మార్గం, వరుడినో వధువునో డిక్రీ నకలు చూపమని అడగడమే. చూపడానికి వెనుకాడితే ఆలోచించుకోవలసిందే.

చూపిన డిక్రీపై తేదీని కూడ పరిశీలించాలి. అప్పీలు గడువు ముగిసే వరకు మరలా వివాహం చేసుకోరాదని 15వ సెక్షను శాసిస్తుంది. ఈ గడువును 2003లో 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచారు. కుటుంబ న్యాయస్థానాల చట్టంలో మాత్రం 30 రోజులనే ఉంది. దీనిపై భిన్నవాదనలు ఉన్నందున 90 రోజులు ఆగడమే క్షేమం. ఎదుటి పక్షం హాజరు కాకుండా వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే మరింత జాగ్రత్త అవసరం. సమన్లు తనకు అందలేదని ఆ వ్యక్తి తరువాత కోర్టుకు రావచ్చు.

రికార్డే లేని విడాకులు

కాపీ విభాగం నుంచి రిక్తహస్తాలతో వెనుదిరిగేవారిలో అధిక దయనీయమైన స్థితి పెద్దమనుషుల విడాకులవారిది. రామాలయం అరుగుపైనో, పెద్దల ఇంటి వసారాలోనో కూర్చుని, సామాను లెక్క తేల్చి, స్టాంపు కాగితంపై ‘ఇకమీదట మాకు ఏ సంబంధమూ లేదు’ అని రాసుకుని, సాక్షులు సంతకాలు చేసిన కాగితం డెల్టా గ్రామాలలో ఎన్నో ఇళ్లలో ఉంది. అది కోర్టుకు ఎన్నడూ వెళ్లలేదు కనుక దానికి నంబరు లేదు, నకలు లేదు. రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించినా అది డిక్రీ కాజాలదు.

ఆచారసిద్ధమైన విడాకులను వివాహ చట్టం 29వ సెక్షను గుర్తించిన మాట నిజమే. అయితే ఆ కులంలో అటువంటి ఆచారం ఉన్నదని చెప్పుకునేవారే సాక్ష్యంతో నిరూపించాలి. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. నిరూపించలేకపోతే మొదటి వివాహం చట్టం దృష్టిలో కొనసాగుతున్నట్లే. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి రెండో భర్త మరణానంతరం కుటుంబ పింఛను దగ్గర చిక్కు ఎదురు కావచ్చు. ఇరువురూ జీవించి ఉండి, అంగీకారం ఉంటే 13-బి సెక్షను కింద పరస్పర అంగీకార విడాకులకు ఇప్పటికైనా అర్జీ వేసుకోవచ్చును. ఒక పక్షం సహకరించకపోతే న్యాయవాది సలహాతో వేరే మార్గం వెతకాలి. పెద్దల కాగితాన్ని మాత్రం పారవేయరాదు. ఎంతకాలంగా విడిగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యంగా అది ఉపకరించవచ్చు.

క్రైస్తవుల పాత డిక్రీలది వేరొక కథ. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం జిల్లా కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీని హైకోర్టు ధ్రువీకరించవలసి ఉండేది. 2001 సవరణతో ఆ అవసరం తొలగింది. అంతకుముందు బందరు జిల్లా కోర్టులో విడాకులు పొందిన క్రైస్తవులు హైకోర్టు ధ్రువీకరణ ఉత్తర్వును కూడ దగ్గర ఉంచుకోవాలి. ఆనాటి హైకోర్టు హైదరాబాదులో ఉండేది. ప్రస్తుత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పనిచేయడం 2019 జనవరి 1 నుంచి మొదలైంది.

విదేశాలకు పంపాలంటే

గుడివాడ ప్రాంతం నుంచి అమెరికాలో స్థిరపడినవారి కుటుంబాలకు ఈ డిక్రీల అవసరం తరచుగా కలుగుతుంది. నకలును రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరించిన తరువాత విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దానిపై ‘అపోస్టిల్’ ముద్ర వేస్తుంది. ఈ ఒప్పందం భారతదేశంలో 2005 నుంచి అమలులో ఉంది. కువైట్ వంటి ఒప్పందంలో లేని దేశాలకు ఆ దేశ రాయబార కార్యాలయ ధ్రువీకరణ అవసరం. పాస్‌పోర్టుకు మాత్రం ఇంత శ్రమ లేదు. విడిపోయినవారు దరఖాస్తులో జీవిత భాగస్వామి పేరు రాయనవసరం లేదని, విడాకుల డిక్రీ జతపరచనవసరం లేదని 2016 డిసెంబరులో కేంద్రం ప్రకటించింది. ఈ మార్పు తెలియక కేవలం కొత్త పాస్‌పోర్టు కోసం నకలుకు తిరుగుతున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

ఖర్చుకు వెనుకాడే మహిళలకు న్యాయసేవల చట్టం, 1987 అండగా ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మచిలీపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, గుడివాడ, అవనిగడ్డ కోర్టులలోని మండల న్యాయసేవా కమిటీలను గాని ఆశ్రయించవచ్చును. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

నకలు చేతికి వచ్చాక అక్కడే నిలబడి పేర్లు, ఇంటిపేర్లు, వివాహ తేదీ, కేసు నంబరు సరిచూసుకోవాలి. టైపు పొరపాటు నకలులో మాత్రమే ఉంటే కాపీ విభాగమే సరిదిద్దుతుంది. అసలు డిక్రీలోనే ఉంటే సివిలు ప్రొసీజరు కోడు 152వ సెక్షను కింద ఆ కోర్టులోనే సవరణకు అర్జీ పెట్టాలి. దీనికి కాలపరిమితి అడ్డు కాదు.