గడి గడికీ ఒక మాట



మన ఇండ్లల్లో ఇప్పుడు పిల్లలు ఫోనులో చిన్న చిన్న గళ్ళు నింపుకుంటూ బొమ్మలు చేస్తున్నారు. దాన్ని పిక్సెల్ ఆర్ట్ అంటారట. చూసిన పెద్దలు "ఇదేం ఆట, చదువుకోవా?" అని కసురుతారు. నేను నాలుగో తరగతి చదివి, ముప్ఫై ఏండ్లకు పైగా సాంచా ఖాతాలో పని చేసి రిటైరైన మనిషిని. నాకు మాత్రం ఈ పని కొత్తగా కనబడలేదు. ఇది మన పనే. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

మన సోలాపూర్ చద్దర్ మీద పువ్వు ఎట్లా వస్తుంది? ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతారు. నిలువు వరుస పడుగు, అడ్డం వరుస పేక. నింపిన గడి దగ్గర పడుగు పోగు పైకి లేవాలి, ఖాళీ గడి దగ్గర కింద ఉండాలి. ఆ లెక్కతోనే అట్టలకు చిల్లులు కొడతారు. ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో జకార్డ్ అనే ఆయన 1804లో ఈ అట్టల యంత్రాన్ని నిలబెట్టాడు. తర్వాత ఈ చిల్లుల పద్ధతే లెక్కల యంత్రాలకు పోయింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను చిల్లుల అట్టలతోనే లెక్కపెట్టారు. అంటే కంప్యూటరుకు మన మగ్గం మేనత్త వరుస అవుతుంది. ఇక ఇంటి ముందు చుక్కలు పెట్టి ముగ్గేసే ఆడవాళ్ళకు ఈ గళ్ళ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

1984లో మ్యాకింటాష్ కంప్యూటరు వచ్చినప్పుడు దాని తెర మీది చిన్న బొమ్మలు వేసింది సుసాన్ కేర్ అనే ఆవిడ. ఆవిడ ముందు గళ్ళ పుస్తకం కొనుక్కొని అందులోనే వేసి చూసుకుంది. ఒక్కో బొమ్మకు అడ్డం 32, నిలువు 32 గళ్ళు, నలుపు తెలుపు తప్ప వేరే రంగు లేదు. 1981లో జపాను వాళ్ళ ఆటలో మారియో బొమ్మ వచ్చింది. ఉన్న కొద్ది గళ్ళల్లో నోరు గీయడానికి చోటు లేక మీసం పెట్టారు, జుట్టు గీయలేక టోపీ పెట్టారు. ఆ మీసం, ఆ టోపీ ఈరోజు లోకమంతా గుర్తుపడుతుంది. చోటు తక్కువైతే తెలివి ఎక్కువ పెట్టాలి, అంతే.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు నాకు తెలిసిన పద్ధతి చెప్తాను. ముందు 16 గళ్ళు అడ్డం, 16 గళ్ళు నిలువు తీసుకోండి. మొత్తం 256 గళ్ళు, ఒక పూట పని. చెంబు, దీపం, కండె లాంటి వస్తువు వేయండి. నెమలి తర్వాత చూద్దాం. రంగులు మూడు నాలుగుకు మించొద్దు. వాలు గీత గీసేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకోండి. రెండు, రెండు, రెండు గళ్ళుగా పోతే గీత నున్నగా కనబడుతుంది. మూడు, ఒకటి, రెండుగా పోతే విరిగినట్టు కనబడుతుంది. వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. చుట్టూ ముదురు రంగు, నడుమ లేత రంగు పెడితే బొమ్మ దిండులాగ ఉబ్బుతుంది. చివరగా ఫోను దూరంగా పెట్టి చూడండి. చద్దర్ కొనేవాడు పది అడుగుల దూరం నుంచే చూస్తాడు కదా.

బట్టకు వచ్చేసరికి ఇంకో రెండు లెక్కలుంటాయి. ఫోనులో గడి చదరంగా ఉంటుంది. బట్టలో అంగుళానికి పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అన్నదాన్ని బట్టి గడి పొడవో పొట్టో అవుతుంది. అది చూసుకోకపోతే గుండ్రంగా గీసిన చక్రం నేత మీద కోడిగుడ్డు అవుతుంది. ఒకే వరుసలో నింపిన గళ్ళు ఎక్కువైతే పోగు కట్టు లేక పైన తేలుతుంది, గోరు తగిలినా లేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా మనవరాలు పది పాసయింది. డిజైను చదువు చదువుతానంటుంది. ఇంట్లో కొందరికి ఇష్టం లేదు. మొన్న 32 గళ్ళల్లో నెమలి వేసి, ఒక కార్ఖానాలో డిజైన్లు చేసే మాస్టరుకు చూపించింది. ఆయన మూడు మాటలన్నాడు. మెడ విరిగింది, కన్ను కనబడదు, రంగులు పద్నాలుగున్నాయి ఏ మగ్గం మీద నేస్తావు అని. పిల్ల ఇంటికొచ్చి, "నాకు రాదు తాతా" అని ఫోను పక్కన పడేసింది. వద్దన్నవాళ్ళకు అది మంచి సందు దొరికింది. "చూశావా, మేం చెప్పలేదా" అన్నారు. ఒక మాటతో పిల్ల చదువే ఆగిపోయేలా ఉంది.

నేను ఫోల్డింగ్ ఖాతాలో బట్ట చూసేవాళ్ళను రెండు రకాలుగా చూశాను. ఒకడు తాను విసిరేసి, "ఇదేం నేత?" అని కూలి కోసేవాడు. ఇంకొకడు తప్పు దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, నేసినవాణ్ణి పిలిచి, "ఇక్కడ పోగు తప్పింది, పన్నె చూసుకో" అనేవాడు. మొదటివాడి వల్ల కోపం మిగిలింది. రెండోవాడి వల్ల మరుసటి తాను బాగా వచ్చింది.

పిల్లకు అదే చెప్పాను. మాస్టరు గొంతు గట్టిదే కానీ ఆయన సుద్ద గుర్తు పెట్టినవాడే, మూడు చోట్లు చూపించాడు. ఆ మాటలు కాగితం మీద రాయి, ఒక రాత్రి పడుకో, పాత బొమ్మ చెరపకుండా పక్కన పెట్టి కొత్తది వెయ్యి అన్నాను. మెడ మెట్లు సరిచేసింది. కంటి చుట్టూ లేత గడులు పెట్టింది. రంగుల విషయంలో మాత్రం, "ఇది ఫోను బొమ్మ తాతా, ఐదు రంగులతో చద్దర్‌కు వేరేగా వేస్తాను" అంది. అదీ సరైన జవాబే. చెప్పిన ప్రతి మాటా ఒప్పుకోనక్కరలేదు, కానీ ఎందుకు ఒప్పుకోలేదో మనకు తెలిసుండాలి.

"బాగలేదు" అని ఊరికే అన్నవాణ్ణి, "ఏ గడి దగ్గర?" అని అడగండి. చూపిస్తే నేర్చుకోండి. చూపించలేకపోతే దండం పెట్టి వదిలేయండి. "చాలా బాగుంది" అన్నవాణ్ణి కూడా అట్లాగే అడగండి, ఉత్త పొగడ్తతో కూడా పని ముందుకు నడవదు.

పెద్దలకు ఒక్క మనవి. పిల్లలు బొమ్మ చూపిస్తే ముందు అందులో మీకేం కనబడిందో చెప్పండి. వాళ్ళు వేసింది నెమలి, మీకు కనబడింది కోడి అయితే అదే చెప్పండి, వాళ్ళకది పనికొస్తుంది. తర్వాత తప్పున్న చోటు వేలితో చూపించండి. బొమ్మను తిట్టినా సరే, పిల్లను తిట్టకండి. మన మిల్లులు చాలా మూతబడ్డాయి, కానీ పోగు లెక్క మన ఇండ్లల్లో ఇంకా ఉంది. అది పిల్లల చేతుల్లోకి ఫోను రూపంలో వస్తుంటే, ఒక కసురుతో తెంపుకోవద్దు.