వయసు మీరాక తుంటి విరిగితే

తెల్లవారుజామున బాత్‌రూముకు లేచిన మామ్మగారు తడి గచ్చు మీద జారిపడ్డారు. పైకి దెబ్బ ఏమీ కనబడదు. కాని లేవలేకపోతున్నారు, గజ్జలో నొప్పి అంటున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. ఒక కాలు రెండో దానికన్న పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనబడితే తుంటి ఎముక విరిగిందనే అనుకోవాలి.

వెంటనే ఒకరు నూనె పెట్టి తోమమంటారు. మరొకరు పుత్తూరు కట్టు సంగతి ఎత్తుతారు. రెండూ వద్దు. తుంటి కీలు కండల మధ్య లోతుగా ఉంటుంది. పైనుంచి వేసే కట్టు ఆ ముక్కలను కదలకుండా పట్టి ఉంచలేదు.

భీమడోలులోనూ, కొల్లేరు లంకల్లోనూ నేను తరచు వినే మాట, "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండీ, మంచం మీద ఉంటే అదే సర్దుకుంటుంది" అని. సర్దుకోదు. కదలకుండా పడుకున్న వృద్ధులకు వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తపు గడ్డలు వస్తాయి. ప్రాణం తీసేవి ఇవే. మంచి వైద్యం ఉన్న దేశాల్లో కూడా ఏడాది తిరిగేసరికి సుమారు నలుగురిలో ఒకరు చనిపోతున్నారు. ఆపరేషన్ చేసేది నొప్పి తగ్గించి, వీలైతే మర్నాడే లేపి కూర్చోబెట్టడానికి.

ఎనభై ఏళ్లు అడ్డు కాదు, ఆలస్యమే అడ్డు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. హైదరాబాదు నుంచి అబ్బాయి రావాలి, అమెరికా నుంచి అమ్మాయి సరేననాలి అంటూ ఇంట్లోనే రెండు రోజులు గడిచిపోతాయి. తప్పంతా ఇంటివారిదే అనను. గుండె డాక్టరు చీటీ, రక్తం, పథకం అనుమతి, మధ్యలో ఆదివారం... ఆస్పత్రుల్లోనూ రోజులు పోతాయి.

బ్రిటన్‌లో 2007 నుంచి తుంటి విరిగిన వృద్ధుల వివరాలన్నీ ఒకే జాబితాలో రాస్తున్నారు. ఇంగ్లండులో 36 గంటల్లో ఆపరేషన్, వృద్ధుల వైద్యుడి పరీక్ష వంటి నియమాలు పాటించిన ఆస్పత్రులకు 2010 నుంచి అదనపు సొమ్ము ఇచ్చారు. మరణాలు తగ్గాయి. దీనికి కొత్త మిషన్లు అక్కరలేదు. ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, ఫిజీషియను ఒకరి తర్వాత ఒకరు కాక, మొదటిరోజే కలిసి చూడాలి. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన ఏలూరులో ఈ పద్ధతి పెట్టవచ్చునని నా అభిప్రాయం.

మీరు చేయవలసింది: 108కి ఫోను చేయండి. కాళ్ల మధ్య దిండు పెట్టి, బల్ల మీద పడుకోబెట్టి కదిలించండి. ఆధార్, రేషన్ కార్డులతో పాటు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకోండి. రక్తం పల్చబడే మాత్ర ఉంటే ముందుగా చెప్పండి. ఇంటికి పంపేటప్పుడు కాల్షియం బిళ్లలే రాస్తే, ఎముకలు గుల్లబారకుండా వేరే మందు అవసరమా అని అడగండి. ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే ప్రమాదం ఎక్కువ.