ఇల్లే పనిచోటైన వేళ: ఉద్యోగ సంతృప్తిని కొలవడం ఎలా?

ఉద్యోగ సంతృప్తి, పని–కుటుంబ సమతుల్యత అనే అంశాలపై విస్తరణ విద్య, గృహవిజ్ఞాన విభాగాల నుండి సిద్ధాంత గ్రంథాలు విరివిగా వెలువడుతున్నాయి. పరీక్షకుడిగా నేను చదివిన వాటిలో అత్యధికం నెలజీతం అందుకొనే ఉద్యోగినులకు సంబంధించినవే. ప్రశ్నావళి, ఐదు మెట్ల కొలమానం, సగటు, సహసంబంధ గుణకం. ఈ క్రమం అందరికీ సుపరిచితమే.

హాపాక్ 1935లో ఉద్యోగ సంతృప్తిపై గ్రంథం ప్రచురించారు. గ్రీన్‌హాస్, బ్యూటెల్ 1985లో పని–కుటుంబ సంఘర్షణకు కాలం, ఒత్తిడి, ప్రవర్తన అనే మూడు మూలాలను గుర్తించారు. ఈ వివరణలన్నింటి వెనుక చెప్పకుండా అంగీకరించిన ఊహ ఒకటి ఉన్నది: పని ఒకచోట, కుటుంబం మరొకచోట. హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో ఈ ఊహ నిలవదు.

లాడ్ బజారులో అమ్మే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మోదుగ, రేగు వంటి చెట్లపై లక్క పురుగు స్రవించే జిగురే దీనికి మూలం; అందువల్ల ఈ గాజు మన శాస్త్రానికి పరాయిది కాదు. లక్కను కుంపటిపై మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే అద్దాలు, రాళ్ళు ఒక్కొక్కటిగా పొదుగుతారు. ఈ పని చిన్న కార్ఖానాలలోనే గాక ఇళ్ళలోనూ సాగుతుంది. లక్క చల్లబడితే రాయి అంటదు. సరిగ్గా ఆ క్షణాన బిడ్డ ఏడిస్తే తల్లి ఏది వదలాలి? గ్రీన్‌హాస్ చెప్పిన కాల సంఘర్షణ ఇక్కడ నిమిషాలలో జరుగుతుంది. "మీ పై అధికారి ప్రవర్తన తృప్తికరంగా ఉన్నదా?" అనే ప్రశ్నకు ఆమె ఏ జవాబు ఇవ్వగలదు? సరుకు ఇచ్చి, లెక్కకట్టి కూలి చెల్లించే మధ్యవర్తి అధికారి కాడు, కాడనీ అనలేము.

ఈ చిక్కును మన తెలుగునేలపైనే విప్పి చూపిన పరిశోధకురాలు మరియా మీస్. 1970ల చివర పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతపు లేసు అల్లే స్త్రీలను అధ్యయనం చేసి, ఆ జర్మన్ సామాజికవేత్త 1982లో గ్రంథం వెలువరించారు. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను వ్యాపారులు, ఇంటివారు కూడా "ఇంట్లో కూర్చున్న గృహిణులు"గానే భావించారనీ, రోజుకు అనేక గంటల శ్రమ "తీరిక పని"గా లెక్కకు రాకుండా పోయిందనీ ఆమె చూపారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరిశీలన మరొకటి. పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీలకు లేసు అల్లేవారికన్నా ఎక్కువ కూలి దక్కేది; అయినా ఘోషా పాటించే లేసు స్త్రీలు తమ స్థితే గౌరవప్రదమైనదని నమ్మేవారు. అక్కడ సంతృప్తి కొలమానం పెట్టి ఉంటే అంకెలు మెరుగ్గానే వచ్చేవేమో! కూలి మాత్రం పెరిగేది కాదు.

కాబట్టి ఇంటి నుండి పనిచేసే స్త్రీల విషయంలో "తృప్తిగా ఉన్నాను" అనే జవాబును ఫలితంగా కాక, వివరణ కోరే విషయంగా స్వీకరించాలి. అభిప్రాయానికి ముందు గంటలను కొలవాలి. జాతీయ కాల వినియోగ సర్వే ఇందుకు తగిన నమూనా. అది రోజును అరగంట భాగాలుగా విడగొట్టి, ఒకే అరగంటలో సాగే ఒకటికి మించిన పనులనూ నమోదు చేస్తుంది. ఇంటివారి కోసం చేసే వేతనం లేని ఇంటిపనిపై, ఆ పని చేసేవారిలో, స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్లు 2019 సర్వే తెలిపింది. 2024లో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో ఇంతే మార్పు.

ఇది నగరానికే పరిమితమైన ప్రశ్న కాదు. పచ్చళ్ళు, చిరుధాన్యాల తినుబండారాలు, పుట్టగొడుగుల పెంపకం, పెరటి కోళ్ళు: వీటన్నింటినీ గ్రామీణ మహిళలకు "తీరిక వేళల్లో ఇంటివద్దనే చేసుకోదగిన ఉపాధి"గా మన శిక్షణ పుస్తకాలు సిఫారసు చేస్తున్నాయి. దాదాపు ఐదు గంటల ఇంటిపని, ఆపైన పొలం పని ఉన్న మనిషికి ఆ తీరిక ఏ వేళ? లబ్ధిదారు కాలపట్టిక చూడకుండా ఆ మాట వ్రాయడం శాస్త్రీయం కాదని నా అభిప్రాయం. ఆదాయ వ్యయ పట్టికలో ఆమె శ్రమకు ధర కట్టని యూనిట్లను లాభసాటి అనడమూ అంతే.

పాతబస్తీలో ఈ అంశం చేపట్టదలచిన విద్యార్థులకు కొన్ని మాటలు. ప్రశ్నావళి ఉర్దూలో, అందులోనూ దక్కనీ పలుకుబడిలో ఉండాలి. తెలుగు నుండి అక్కడికక్కడే అనువదిస్తూ అడిగితే కొలమానపు విశ్వసనీయత దెబ్బతింటుంది. భర్త లేక అత్తగారు పక్కన ఉన్నప్పుడు వచ్చిన జవాబులను వేరుగా గుర్తించాలి. వీలైతే స్త్రీలే సమాచారం సేకరించాలి. కూలిని రోజుకు ఎంత అని కాక, డజనుకు ఎంత, డజనుకు ఎంతసేపు అని అడిగి గంటకు లెక్కకట్టాలి. ఆ ధర నిర్ణయించే వ్యాపారిని కూడా నమూనాలో చేర్చాలి. నర్సాపురంలో మీస్ లేసు అల్లేవారితోపాటు ఏజెంట్లనూ ఎగుమతిదారులనూ పరిశీలించారు.