ఇంటివద్ద నూలు వడకడం

ఇంటివద్ద నూలు వడకడం అనగా మిల్లు యంత్రాలతో పని లేకుండా తకిలీ, రాట్నం వంటి చిన్న పనిముట్లతో పత్తి నుండి దారం తీయడం. ఒకప్పుడు తెలుగునాట ఇది ఇంటింటి పని. నేడు కొద్దిమందికి జీవనోపాధి, మరికొందరికి తీరిక వేళల వ్యాసంగం. ఇందుకు కావలసిన పనిముట్లను చాలా వరకు ఔత్సాహికులు స్వయంగా తయారు చేసుకోవచ్చును, చెడిపోతే బాగు చేసుకోవచ్చును. ఉత్తర కోస్తాలో, హౌరా–చెన్నై రైలుమార్గంపై ఉన్న శ్రీకాకుళం జిల్లా పొందూరు ఈ విద్యకు ప్రసిద్ధి చెందినది. అక్కడి స్త్రీలు 100 కౌంటు, అంతకు మించి సన్నని నూలును కూడా చేతితోనే వడకుతారు. వారి నేర్పంతా రాట్నం తిప్పడంలో ఉన్నదని చూడవచ్చినవారు అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం పత్తి ఇంకా రాట్నం దగ్గరకు చేరకముందే ముగిసిపోతుంది. కొత్తగా నేర్చుకొనేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

కౌంటు అంటే ఏమిటి

నూలు సన్నదనాన్ని కౌంటుతో కొలుస్తారు. 840 గజాల దారాన్ని ఒక చిలపగా చుడితే, అటువంటి చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను (సుమారు 454 గ్రాములు) తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. కనుక అంకె పెరిగిన కొద్దీ నూలు సన్నబడుతుంది. 100 కౌంటు నూలు పౌనుకు 84,000 గజాలు వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే ఒక్క గ్రాము పత్తి నుండి సుమారు 169 మీటర్ల దారం.

తాను వడికిన నూలు ఎన్నవ కౌంటో తెలుసుకోవడం విద్యార్థులకు కూడా కష్టం కాదు. సరిగ్గా 100 మీటర్ల దారాన్ని కొలిచి గ్రాములలో తూచి, 59ని ఆ బరువుతో భాగించాలి. బరువు 3 గ్రాములైతే నూలు దాదాపు 20 కౌంటు. అదే 100 కౌంటు నూలైతే 100 మీటర్లు 0.59 గ్రాము మాత్రమే తూగుతుంది. వంటింటి త్రాసు దీనికి పనికిరాదు. బంగారం తూచే త్రాసు కావాలి, లేదా పది రెట్లు పొడవు తీసుకొని తూచి, వచ్చిన బరువును పదితో భాగించాలి. మొదటి నెలలో ఎవరికైనా 8, 10 కౌంటు నూలు వస్తే అది మంచి ప్రారంభమే.

చరిత్ర

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం దేశంలో ఇరవై లక్షల రాట్నాలను తిప్పించాలని తీర్మానించింది. ఆ పిలుపుతో రాట్నం చదువుకున్నవారి ఇళ్ళలోకి కూడా ప్రవేశించింది. పొందూరు నూలు పేరు విన్న మహాత్మా గాంధీ అక్కడి పద్ధతిని తెలుసుకొని రమ్మని తన కుమారుడు దేవదాసు గాంధీని పంపించాడు.

1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నాన్ని తయారు చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ పోటీ నిబంధనలు నేటికీ చదువదగినవి. పూరింటిలో కూడా చేతితో గాని కాలితో గాని నడపగలిగేదిగా ఉండాలి. ఎనిమిది గంటలలో 12 నుండి 20 కౌంటు నూలు 16,000 అడుగులు ఇవ్వాలి. వెల 150 రూపాయలకు మించరాదు. ఇరవై ఏళ్ళు పని చేయాలి, మరమ్మతుల ఖర్చు ఏటా వెలలో నూటికి ఐదు వంతులు దాటరాదు. ఇంటి పనిముట్టుకు ఇంతకంటే మంచి నిర్వచనం ఈ వ్యాసకర్తకు కనబడలేదు. ఈ షరతులన్నిటినీ నెరవేర్చిన యంత్రం మాత్రం ఆ పోటీకి రాలేదు. దాదాపు అదే కాలంలో గాంధీ ఎరవాడ జైలులో ఉండి, మడిచి పెట్టెలో పెట్టుకొనగలిగే రాట్నాన్ని రూపొందించి వాడుకలోకి తెచ్చాడు. అనేక కదుళ్ళు గల అంబర్ చరఖాకు 1950లలో ప్రభుత్వ ప్రోత్సాహం లభించింది.

పొందూరులో ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది. దాని భవనానికి 1955లో ఆచార్య వినోబా భావే శంకుస్థాపన చేశాడు. అంబర్ చరఖాలు, వాటి తరువాతి నమూనాలు దేశమంతటా వ్యాపించినా, పొందూరు సన్ననూలు మాత్రం ఒంటి కదురు రాట్నాన్ని వదలలేదు. దాని చక్రానికి 24 ఆకులుంటాయి.

పత్తిని సిద్ధం చేయడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట, కొండవాలు పొలాలలో పండే కొండపత్తి, ఎర్రపత్తి రకాలు పొట్టి పింజ గలవి. మిల్లు యంత్రాలకు పొడుగు పింజ కావాలి. పొట్టి పింజ నుండి అంత సన్నని దారం రావడం వింతగా తోచవచ్చును. దాని రహస్యం ఈ క్రింది పనులలో ఉన్నది.

మొదటి పని దువ్వడం. గింజను అంటిపెట్టుకొని ఉండగానే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఈ చేప శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. దాని దవడపై సన్నని పళ్ళు దగ్గర దగ్గరగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. దువ్వినకొద్దీ ఆకుపొడి, మట్టి, తెగిన పోగులు రాలిపోయి, మంచి పోగులు ఒకే దిక్కుకు వాలుతాయి. మిల్లులలో ఇందుకు ప్రత్యేక యంత్రం ఉన్నది. పొందూరువారికి గోదావరి ప్రాంతం నుండి వచ్చే ఎముక చాలు. ఆ దవడ దొరకని ఔత్సాహికులు పేలదువ్వెనతో ప్రయత్నించవచ్చును. దాని పళ్ళు తిన్నగా, బిరుసుగా ఉంటాయి గనుక బలంగా లాగితే పోగులు తెగుతాయి. తేలికగా, చివరల నుండి మొదలుకొని దువ్వాలి.

రెండవది గింజ తీయడం. నున్నని చెక్కపలకపై పత్తికాయ తునకను ఉంచి, వ్రేలి లావు ఇనుప కడ్డీని దానిపై దొర్లిస్తే గింజ ముందుకు జారి బయటపడుతుంది, దూది వెనుక మిగులుతుంది. గింజ చితకకూడదు. చితికితే నూనె అంటి దూది పాడవుతుంది.

మూడవది ఏకడం. వెదురుబద్దకు నరం గాని గట్టి దారం గాని బిగించి కట్టిన చిన్న వింటితో దూదిని మీటితే పోగులు విడివడి నురగవలె పొంగుతాయి. ఆ దూదిని సన్నని పుల్లపై చుట్టి, అరచేతితో పలకపై దొర్లించి, పుల్లను లాగివేస్తే మిగిలే మెత్తని గొట్టమే ఏకు. "ఏకు మేకై కూర్చున్నది" అన్న నానుడిని తరగతిలో వివరించినప్పుడు పిల్లలకు మేకు తెలుసును గాని ఏకు తెలియదు. ఒక్కసారి చేతితో పట్టుకుంటే ఆ సామెతలోని వ్యత్యాసం చక్కగా బోధపడుతుంది. పొందూరులో తయారైన ఏకులను ఎండిన అరటి దొప్పలో ఉంచి, దొప్పతో సహా పట్టుకొని వడకుతారు. దీనివలన చేతి చెమట దూదికి అంటదు.

తకిలీ తయారీ

మొదటి పనిముట్టుగా తకిలీ మేలు. ఖర్చు దాదాపు లేదు. దీనికి ఒక జానెడు పొడవు గల సన్నని వెదురు పుల్ల, రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్ద గుండ్రని బిళ్ళ కావాలి. ఉద్దానం వంటి కొబ్బరితోటల ప్రాంతంలో బిళ్ళకు వెదకనక్కరలేదు. ముదురు కొబ్బరి చిప్పలో చదునుగా ఉన్న భాగాన్ని రంపంతో కోసి, ఆకురాయితో అంచు నున్నగా చేసి, సరిగ్గా నడుమ బరమతో చిల్లు పొడవాలి. చిల్లు ఒక వెంట్రుకవాసి ప్రక్కకు పోయినా తకిలీ వణకుతుంది. అప్పుడు బిళ్ళను పారవేయక, బరువుగా ఉన్న వైపు అంచును కొద్దికొద్దిగా అరగదీస్తే సరిపోతుంది. పుల్లను చిల్లులో దూర్చి లక్కతో అతికించాలి. క్రింద రెండు అంగుళాలు మాత్రమే మిగలాలి. పై కొనకు దారం తగులుకొనేటట్లు చాకుతో చిన్న గంటు పెట్టాలి. సన్ననూలు వడికేటప్పుడు తకిలీని గాలిలో వ్రేలాడదీయక, క్రింది మొనను చిన్న పింగాణీ గిన్నెలో ఆనించి తిప్పితే దాని బరువు దారంపై పడదు.

1937లో రూపొందిన వార్ధా విద్యాపథకం పాఠశాలల్లో చేతిపనికి ప్రాధాన్యమిచ్చిన తరువాత అనేకమంది పిల్లలు ఈ తకిలీతోనే నూలు వడకడం నేర్చారు. దురదృష్టవశాత్తు చాలా చోట్ల నాసిరకం ఏకులు ఇచ్చి మంచి నూలు రాలేదని పిల్లలను మందలించేవారు. తప్పు పిల్లలది కాదు.

సైకిలు చక్రంతో రాట్నం

తకిలీపై చేయి కుదిరాక రాట్నం చేసుకోవచ్చును. టైరు, ట్యూబు తీసివేసిన పాత సైకిలు చక్రం ఇందుకు బాగా పనికివస్తుంది. దాని ఇరుసులో బేరింగులు ముందే ఉంటాయి, అంచులోని గాడి దారానికి దారి చూపుతుంది. ఒక బరువైన పీటకు ఒక కొసన గట్టి కర్ర నిలబెట్టి, ఇరుసును దానికి నట్టుతో బిగించాలి. ఆకుల మధ్య ఒక చెక్కముక్కను కట్టి దానికి పిడి పెట్టాలి. రెండవ కొసన రెండు పొట్టి కర్రలు నాటి, వాటికి తోలు ముక్కలతో ఉచ్చులు బిగించి, వాటిలో కదురు తిరగనివ్వాలి. కదురుకు తిన్నని ఉక్కు ఊచ కావాలి. పాత గొడుగు ఊచ పనికిరావచ్చును, కాని అద్దంపై దొర్లించి చూచి ఏ మాత్రం వంపు ఉన్నా వదలివేయాలి.

ఊచ నడుమ జిగురు పూసిన దారాన్ని ఒక సెంటీమీటరు మందం వచ్చేవరకు చుడితే అదే కప్పీ అవుతుంది. చక్రం వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు కనుక చక్రం ఒక్కసారి తిరిగితే కదురు దాదాపు 60 సార్లు తిరుగుతుంది. దారపు మాల జారడం వలన అంత పూర్తిగా రాదు. మాల జారుతుంటే దానికి కొద్దిగా మైనం రాయాలి. తోలు ఉచ్చులకు ఒక చుక్క ఆముదం వేయాలి, అది కదురు మొన వైపు ప్రాకకుండా చూచుకోవాలి. కదురు మొన సూదివంటిది. పిల్లలున్న ఇంట పని ముగియగానే దానికి బెండు తొడగడం మరువరాదు.

వడికే విధానం, దోషాలు

కుడిచేతితో చక్రం తిప్పుతూ, ఎడమచేతిలోని ఏకును కదురు మొన నుండి ఏటవాలుగా వెనుకకు లాగాలి. కదురు తిరిగిన ప్రతిసారి దారం మొనపై నుండి జారిపోతూ ఒక పురి తింటుంది. చేయి చాచినంత పొడవు వచ్చాక దారాన్ని కదురుకు అడ్డంగా తెచ్చి చక్రాన్ని మెల్లగా తిప్పితే అది కండెపై చుట్టుకుంటుంది. చేయి, చక్రం రెండూ ఒకే లయలో సాగాలి. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు.

దారం చూచి దోషం చెప్పవచ్చును. చేతిలోనే విడిపోతుంటే పురి చాలలేదు, చేయి తొందరపడుతున్నది. వదులు చేయగానే మెలికలు పడుతుంటే పురి ఎక్కువైనది. మధ్య మధ్య ఉండలు వస్తుంటే రాట్నాన్ని సరిచేసి ప్రయోజనం లేదు, దువ్వడానికీ ఏకడానికీ తిరిగి వెళ్ళాలి. నేర్చుకొనేవారిలో చాలామంది ఈ మూడవ దోషంతో విసిగి రాట్నాన్ని అటకెక్కిస్తారు. ఎండిన గాలిలో నూలు పెళుసుగా తెగుతుంది, తేమలో బలం పుంజుకుంటుంది. కోస్తావారికి ఇది కలిసివచ్చిన విషయం.

శ్రమ, ప్రతిఫలం

చేయి తిరిగినవారు ఒంటి కదురు రాట్నంపై గంటకు సుమారు 300 గజాలు వడకుతారనుకుంటే, ఒక పౌను 100 కౌంటు నూలుకు 280 గంటలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పది ఐదు రోజులు. దువ్వడం, గింజ తీయడం, ఏకడం ఈ లెక్కలో చేరలేదు. దుకాణంలో పొందూరు పంచె వెల అడిగి ఆశ్చర్యపోయేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఆ వెలలో వడికిన మనిషికి చేరే వాటా తక్కువ. అందుచేతనే వడికేవారిలో వయసు మళ్ళిన స్త్రీలే ఎక్కువగా కనబడుతున్నారు, వారి ఇళ్ళలోని పిల్లలు ఇతర పనులకు వెళ్తున్నారు. రాట్నం విరిగితే వడ్రంగి చేయగలడు. దువ్వే చేతికి ఎంత బలం వాడాలో తెలియడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది, అది ప్రక్కన కూర్చొని చూచి నేర్చుకోవలసినదే.

ఔత్సాహికులు వడికే నూలు వారి ఉపాధికి పోటీ కాదు. ఇంట తీసిన 10, 20 కౌంటు నూలు దీపపు వత్తులకు, చేతిరుమాళ్ళ నేతకు, సంచుల అల్లికకు సరిపోతుంది. గింజతో ఉన్న పత్తిని తీత కాలంలో రైతుల వద్దనే కొనడం మంచిది. జిన్నింగు మిల్లులో నొక్కి కట్టిన దూది దువ్వడానికి పనికిరాదు. కొన్న పత్తిని ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది కనుక గుడ్డ సంచిలో, నేలకు తగలకుండా వ్రేలాడదీయాలి.